నేను లెక్కపెట్టని ముడులు

ఈమధ్య మధురవాడ వైపు ఒక మెడికల్ కాలేజీ పిల్లలు నన్ను పిలిచి, శాలువా కప్పి, మీ అనుభవాలు చెప్పండి సార్ అన్నారు. ముప్పై అయిదేళ్ళు కాలేయం జబ్బులు చూసినవాణ్ణి కదా, ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను కూడా ముసలి డాక్టర్లందరూ చెప్పే నాలుగు మాటలే చెప్పాను. రోగిని ప్రేమించండి, పుస్తకం మూయకండి, అలాంటివి. చప్పట్లు కొట్టారు. టీ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ పిల్లలకు చెప్పాల్సింది అది కాదు. చెప్పాల్సింది ఒక చేపల బోటు సరంగు గురించి. ఆరోజు ఎందుకు చెప్పలేదంటే, ఆ కథలో నేను బాగా కనపడను. ఎలాగూ రిటైరైనవాణ్ణి, ఇక బాగా కనపడి చేసేదేమీ లేదు కనుక రాస్తున్నాను.

మా పెద్దాయన నేర్పింది

నేను చేరినప్పుడు మా ఆసుపత్రిలో మెడిసిన్ విభాగానికి ఒక పెద్దాయన ఉండేవారు. చెయ్యి తిరిగిన డాక్టరు. పొట్టమీద వేళ్ళతో తడితే చాలు, లోపల నీరు ఎంతుందో చెప్పేసేవారు. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దాంతోపాటు ఆయన అహంకారం కూడా నేర్చుకున్నాను. అది ఎవరూ నేర్పనక్కర్లేదు, పక్కన నిలబడితే అంటుకుంటుంది.

ఆయన రోజూ చెప్పే మాట ఒకటుంది. "రోగి చెప్పేదాంట్లో సగం అబద్ధం, మిగతా సగం వాడికి గుర్తులేనిది. వాడి మాట వినకు, వాడి రక్తం మాట విను." మేమంతా నవ్వేవాళ్ళం. నేనయితే ఆ మాటను పదేళ్ళపాటు నా కింద పనిచేసే కుర్ర డాక్టర్లకు నా సొంత మాటలా చెప్పాను.

ఆ మాటకు సాక్ష్యాలు కూడా దొరికేవి. పాత ఊళ్ళో అద్దాల ఫ్రేములు కట్టే కరీం భాయ్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనది హెపటైటిస్ బి, కాలేయాన్ని పట్టి తినే వైరస్ జబ్బు. కళ్ళు పచ్చబడినప్పుడు మాత్రలు వేసుకునేవాడు, తెల్లబడగానే మానేసేవాడు. అడిగితే, "తబియత్ బాగుంది కద సాబ్, ఇంకెందుకు దవాయి?" అని నన్నే అడిగేవాడు. అలాంటివాళ్ళు నలుగురు తగిలేసరికి, మందు పనిచెయ్యలేదంటే రోగి మందు మింగలేదని నాకు ఖాయమైపోయింది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. స్టీలు ప్లాంటు ఆఫీసరు వస్తే "మాత్రలు వాడుతున్నారా అండీ?" అనేవాణ్ణి. హార్బరు నుంచి వచ్చినవాణ్ణి "ఏరా, వేసుకుంటున్నావా, సారా తాగుతున్నావా?" అనేవాణ్ణి. దీనికి నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. హార్బరు వాళ్ళు కూడా.

కొత్త మాత్ర

తొంభైల చివరిదాకా హెపటైటిస్ బి ముదిరినవాడికి మేం ఇచ్చింది ధైర్యం, పథ్యం, విటమిను బిళ్ళలు. ఇంజెక్షన్ల వైద్యం ఒకటుండేది గానీ అది కలిగినవాళ్ళకే, వాళ్ళలోనూ కొందరికే పనిచేసేది. అప్పుడు లామివుడిన్ అనే మాత్ర వచ్చింది. రోజుకొకటి, నోట్లో వేసుకుంటే చాలు. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో మందుల కంపెనీ వాళ్ళు మీటింగు పెట్టి, భోజనాలకు ముందు బొమ్మలు వేసి చూపించారు. చివరి బొమ్మల్లో ఒకటి, వైరస్ కొన్నాళ్ళకు రూపం మార్చుకుని ఈ మందుకు లొంగకుండా పోవచ్చని. మాట్లాడేవాడు దాన్ని గబగబా దాటించాడు. మేం కూడా అడగలేదు, అవతల బిరియానీ మూతలు తీస్తున్నారు.

ఆ బొమ్మ నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను.

ఆ తర్వాత కొద్ది నెలలకే నూకరాజు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఒక మరబోటుకు సరంగు, అంటే బోటు నడిపేవాడు, దారి చూపేవాడు. అతని మాట మీద ఏడుగురు మనుషులు పదిహేనేసి రోజులు సముద్రంలోకి పోతారు. కళ్ళు పసుపు, కాళ్ళు వాపు. వెంట భార్య పోలమ్మ. హార్బర్లో చేపల బుట్ట దింపి, తిన్నగా అటునుంచటే వచ్చింది. ఈ జబ్బు అతనికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. చిన్నప్పుడు ఒకే సూదితో పేటంతా పొడిచిన జ్వరం ఇంజెక్షన్లే అని నా అనుమానం. అంటే ఈ జబ్బును మా వైద్యులే ఇచ్చి ఉంటారు.

మాత్ర మొదలుపెట్టాను. "రోజూ ఒకటి. ఒక్కరోజు తప్పినా జబ్బు తిరగబడుతుంది. సముద్రంలో ఉన్నా సరే," అన్నాను.

"సముద్రంలో రోజులు తెలవ్వు కద బాబూ, తప్పిపోతే ఎలగ?" అంది పోలమ్మ.

"నాను సూసుకుంతాను నేవే," అన్నాడు నూకరాజు.

మూడు నెలల్లో కళ్ళు తెల్లబడ్డాయి. ఆరు నెలల్లో కాళ్ళ వాపు పోయింది. రక్తంలో కాలేయం లెక్కలు మామూలు మనిషివిలా వచ్చాయి. మళ్ళీ బోటు ఎక్కాడు. వేట నుంచి వచ్చినప్పుడల్లా వంజరం చేపో, పెద్ద రొయ్యలో తెచ్చి మా ఇంట్లో ఇచ్చి పోయేవాడు. నేను వీధంతా చెప్పుకున్నాను, చచ్చేవాణ్ణి లేపానని.

ముడుల తాడు

మూడో ఏడు మొదట్లో లెక్కలు పెరిగాయి. ముందు కొంచెం, తర్వాత బాగా. కళ్ళలో మళ్ళీ పసుపు. నేను రిపోర్టు చూసి, అతని మొహం చూసి, తీర్పు చెప్పేశాను.

"మాత్రలు మానేశావు."

"నేదు బాబూ. ఒక్కరోజు కూడా మాననేదు."

"అయితే తాగుతున్నావు."

"మీరు సెప్పిన్నాటి నుంచి ముట్టుకోనేదు బాబూ. గంగమ్మ తోడు."

పోలమ్మ పక్కనే ఉంది. "నిజం సెప్పీయ్. డాక్టరు బాబు కాడ దాస్తావేటి?" అంది.

అప్పుడు నూకరాజు సంచిలోంచి ఒక వల దారపు చుట్ట తీసి నా బల్లమీద పెట్టాడు. నీలం రంగు నైలాను దారం. దాని పొడవునా ముడులే. దగ్గరదగ్గరగా, ఒక్క కొలతలో, వల అల్లే చేతులకే వచ్చే ముడులు. పది ముడులకొకటి పెద్ద ముడి.

"మాత్ర మింగిన్నాడల్లా ఒక ముడెట్టీసినాను. పది మాత్రలు, అంటే అట్ట అయిపోతే పెద్ద ముడి. మా నాయన ఏటకెళ్తే రోజులికి ఇలగే ముళ్ళెట్టీవోడు. మీరు మందు మొదలెట్టిన తేదీ మీకాడుంది కద బాబూ. లెక్కెట్టుకోండి, సరిపోతాది."

నేను దాన్ని ఒక వేలితో ఎత్తి చూసి నవ్వాను. "ముడి వెయ్యడానికి మాత్ర మింగక్కర్లేదు కదరా," అన్నాను. పక్కనున్న కుర్ర డాక్టర్లు కూడా నవ్వారు. తెలివైన మాటన్నాననిపించింది నాకు.

నూకరాజు దారం తీసి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. పోలమ్మ మొగుడికేసి చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. డాక్టరు అబద్ధం చెప్పడు, కనుక మొగుడు చెబుతున్నాడు. ఆమెకు అంతే అర్థమైంది. నేను కేసు కాగితం మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. మందులు సరిగా వాడడు, మద్యం అనుమానం, అని. దాని అడుగున ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను.

అదే నెలలో ఒక స్టీలు ప్లాంటు ఆఫీసరుగారికి సరిగ్గా ఇలాగే లెక్కలు పెరిగాయి. అదే జబ్బు, అదే మాత్ర, ఇంచుమించు అన్నేళ్ళే. ఆయన్ని నేను అడిగిన ప్రశ్న, "ల్యాబులో ఏదైనా పొరపాటు జరిగిందేమో, మళ్ళీ చేయిద్దామా అండీ?" అని. మళ్ళీ చేయించాను. మళ్ళీ పెరిగే ఉంది. ఆయన రక్తాన్ని ఐసులో పెట్టి పెద్ద ఊరి ల్యాబుకు పంపాను. ఇద్దరిదీ ఒకే రిపోర్టు. ఒకరిని తిట్టాను, ఇంకొకరిని పరీక్షకు పంపాను. ఎందుకలా చేశానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నెలన్నర

నేనన్న మాట ఆసుపత్రిలో ఆగలేదు. పోలమ్మ తమ్ముడితో చెప్పింది, తమ్ముడు బోటు యజమానితో చెప్పాడు. సరంగు దొంగచాటుగా తాగుతున్నాడట, డాక్టరే కనిపెట్టాడట. తాగిన మనిషి చేతికి ఏడుగురి ప్రాణాలు ఎవరిస్తారు? నూకరాజును చుక్కాని దగ్గర్నుంచి తప్పించి, ఒడ్డున వలలు బాగుచేసే పనిలో కూర్చోబెట్టారు. ఇంట్లో పోలమ్మ రోజూ అతని నోటి దగ్గర వాసన చూసేదట. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి.

వేసవిలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని నెలన్నరపాటు బోట్లన్నీ జెట్టీకి కట్టేసే రోజులు. నూకరాజు నా దగ్గరికొచ్చాడు.

"నిషేధం కద బాబూ, నాకు పనేటీ నేదు. రోజూ పొద్దున్నే ఒచ్చి మీ ముందరే మింగుతాను. అప్పుడు నమ్ముతారా?"

"చూద్దాం," అన్నాను. అంత పెద్ద మనసు నాది.

ప్రతిరోజూ వచ్చాడు. ఏడున్నరకల్లా హెడ్ నర్సు గది ముందు నిలబడేవాడు. ఆవిడ చేతిలోంచి మాత్ర తీసుకుని, మింగి, నాలుక చాపి చూపించేవాడు. రెండోవారం ఆవిడ నా దగ్గరికొచ్చి, "నాకు సిగ్గుగా ఉంది సార్, పెద్దమనిషి చేత నాలుక చాపించడం," అంది. రూల్సు అంటే రూల్సే అన్నాను. ఒక్కరోజు తప్పలేదు. నెలన్నర అయ్యాక రక్తం తీస్తే, లెక్కలు రెట్టింపయ్యాయి. ఈసారి పొట్టలో నీరు కూడా చేరింది.

అదే వారం ఆఫీసరుగారి రిపోర్టు వచ్చింది. వైరస్ రూపం మార్చుకుంది, ఈ మందు ఇక పనిచెయ్యదు, అని. బిరియానీకి ముందు దాటించిన ఆ బొమ్మ గుర్తొచ్చింది. నూకరాజు రక్తం అప్పుడు పంపాను. నెల తర్వాత అదే జవాబొచ్చింది. వైరస్ తనను తాను అచ్చు తీసుకుంటూ పెరుగుతుంది. అచ్చు తీసేటప్పుడు తప్పులు పడతాయి. ఆ తప్పుల్లో ఏదో ఒకటి మందు పట్టునుంచి తప్పించుకునే రకం అవుతుంది. మందు మిగతావన్నిటినీ అణిచేస్తుంది, అదొక్కటే మిగిలి ఇల్లంతా తనదే చేసుకుంటుంది. మాత్ర మానేసినవాడికి జబ్బు తిరగబడుతుంది, నిజమే. తప్పకుండా రోజూ మింగినవాడికి కూడా తిరగబడొచ్చు. నూకరాజు రెండోరకం.

ఇదంతా అతనికి చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. అతను విని తల ఊపాడు.

"వల కన్నులాటిదన్నమాట. కన్నులోంచి దూరిపోయే సేపలే మిగుల్తాయి. మల్లీ వాటికి పుట్టినవే పెరుగుతాయి. ఎన్నిసార్లు అదే వలేస్తే ఏటి లాభం?"

నా పది నిమిషాల కన్నా అది బాగుంది. ఆ తర్వాత అతను నెమ్మదిగా అడిగాడు. "అయితే నాను అబద్ధం సెప్పనేదన్నమాటే కద బాబూ?"

"చెప్పలేదు," అన్నాను. "వైరస్ మారిపోయింది." నాది తప్పు అనలేదు. ఆ రెండు మాటలకూ ఉన్న దూరం నాకు అప్పుడే తెలుసు.

"ఒక్కపాలి జెట్టీ కాడికొచ్చి మావోళ్ళకి ఆ మాట సెప్పండి బాబూ. మా ఆడదానిక్కూడా. నాను సెప్తే నమ్మరు."

వస్తానన్నాను. మా ఆసుపత్రి నుంచి హార్బరుకు ఆటోలో పావుగంట.

ఎర్ర గీత

అప్పటికి అడిఫోవిర్ అనే ఇంకో మందు పైదేశాల్లో వాడుతున్నారు. మన షాపుల్లో లేదు. ఒక పెద్ద ఊళ్ళోని ఆసుపత్రికి మాత్రం కొద్దిమందికి ఇవ్వడానికి సరిపడా వచ్చిందని తెలిసింది. మందు ఎవరికివ్వాలో అక్కడ ఒక కమిటీ చూస్తుంది. ఆఫీసరుగారి కాగితాలూ, నూకరాజు కాగితాలూ ఒకే కవర్లో పంపాను. ఆఫీసరుగారికి ఇచ్చారు. నూకరాజుకు ఇవ్వలేదు.

ఫోను చేశాను. అవతల డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. "మందు కొంచెమే ఉంది సార్. క్రమంగా వాడేవాళ్ళకే ఇవ్వమన్నారు. ఈయన సరిగా వాడడని మీరే రాశారు కదా, అడుగున గీత కూడా కొట్టారు."

అది పొరపాటని చెప్పాను. ఆ వాక్యం కొట్టేసి, పక్కన నిజం రాసి, సంతకం పెట్టి మళ్ళీ పంపాను. దిద్దిన కాగితం చూసి వాళ్ళకు ఇంకా అనుమానం వచ్చింది. తెలిసినవాడి కోసం డాక్టరు కాగితాలు మారుస్తున్నాడనుకున్నారు. వచ్చేసారి చూస్తామన్నారు. మా పెద్దాయన అప్పటికి రిటైరైపోయారు. ఆయన ఇంటికెళ్ళి చెబితే, "ఒక్క కేసుకు ఇంత మథనపడితే ఈ వృత్తిలో ఉండలేవు," అన్నారు. అది నన్ను ఓదార్చడానికే అన్నారు. ఆ ఓదార్పు నేను తీసుకున్నాను కూడా. అది ఇంకా పెద్ద తప్పు.

జెట్టీ దగ్గరకు నేను పోలేదు. ఒకవారం కాన్ఫరెన్సు, ఒకవారం పరీక్షల డ్యూటీ. నిజానికి అవేవీ కారణం కాదు. చేపల బుట్టల మధ్య నిలబడి, "తప్పు నాది" అనడానికి నోరు రాలేదు.

నూకరాజు దీపావళి ముందు రక్తం కక్కుకుని వచ్చాడు. రెండు రోజులున్నాడు. రెండో రోజు స్పృహ తప్పేముందు నన్ను చూసి, "జెట్టీ కాడికి ఎప్పుడొత్తారు బాబూ?" అన్నాడు. రేపు అన్నాను. మర్నాడు పొద్దున్నే పోయాడు. మరుసటి ఏడాది వేసవి దాటేసరికి ఆ కొత్త మందు జగదాంబ దగ్గర షాపుల్లో చీటీ రాస్తే దొరికింది.

పిల్లలకు చెప్పేది ఇక్కడే చెబుతాను. మందు ఓడిపోయినప్పుడు, ముందు మందును అనుమానించండి. తర్వాత మీ తెలివిని అనుమానించండి. రోగిని అనుమానించడం ఆఖరున. మేం తిరగేసి నేర్చుకున్నాం. కాగితం మీద మనిషి గుణం గురించి ఒక్క మాట రాసేముందు చెయ్యి ఆపండి. రక్తం లెక్కలు మళ్ళీ తియ్యొచ్చు, ఆ మాట తియ్యడం మీ తరం కాదు.

పోలమ్మ

పెద్దకర్మ అయ్యాక పోలమ్మ వచ్చింది. ఓపీ అయిపోయి నేనొక్కణ్ణే ఉన్నాను. కొంగులోంచి ఆ నీలం దారపు చుట్ట తీసి బల్లమీద పెట్టింది.

"సదువుకున్నోరు కద బాబూ. లెక్కెట్టండి," అంది.

లెక్కపెట్టాను. ఆమె ఎదురుగా నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నైలాను దారం వేళ్ళకు గట్టిగా తగులుతోంది. మందు మొదలైన తేదీ నుంచి, నేను నవ్విన రోజుదాకా ఎన్ని రోజులో కాగితం మీద వేసుకున్నాను. దారం మీద ముడులు రెండుసార్లు లెక్కించాను. దాదాపు గంట పట్టింది.

"ఎన్ని తగ్గినాయి?" అంది.

"ఒక్కటీ తగ్గలేదమ్మా."

"మీ మాట ఇని ఆయన్ని దొంగోడన్నాను. రోజూ నోరు వాసన సూసినాను. ఆకర్రోజు కూడా సూసినాను బాబూ."

"తప్పు నాది," అన్నాను. అప్పుడన్నాను. వినాల్సినవాడు వినడానికి లేనప్పుడు.

ఆమె దారం చుట్టుకోబోయింది. చివర మూరెడు దారం ముడి లేకుండా సాపుగా ఉండటం చూసి, ఏదో ఒకటి అడగాలని అడిగాను. నిషేధం నెలన్నరా మా కళ్ళముందే మింగాడు కదా, ఆ రోజులకు ముడులు ఎందుకు వెయ్యలేదు, అని.

పోలమ్మ నా మొహంలోకి చూసింది.

"మీరు నవ్వినారు కద బాబూ," అంది.